దూరపు పిలుపు: వేర్వేరు కంప్యూటర్లకు పొత్తు కుదిరిన విధము

కంప్యూటరునకు ప్రోగ్రాము వ్రాయువారు పనినంతటిని ఒకే పోగుగా వ్రాయరు. దానిని చిన్న చిన్న భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క పేరు పెట్టుదురు. ఇట్టి భాగమునకు ప్రొసీజరు అని పేరు. ప్రోగ్రాము నడుచుచుండగా ఒక సంఖ్యకు వర్గమూలము కావలసి వచ్చినదనుకొనుడు. అది ఆ పని చేసెడి ప్రొసీజరును పేరు పెట్టి పిలిచి, సంఖ్యను దాని చేతికిచ్చి, జవాబు వచ్చువరకు ఆగి, వచ్చిన పిమ్మట ముందునకు సాగును. లెక్కల మాస్టారు బోర్డు మీద పెద్ద లెక్క చేయుచు, నడుమ ఒక విద్యార్థిని లేపి, "17ను 23తో హెచ్చించి చెప్పుము" అని అడిగి, వాడు 391 అనగానే తన లెక్కను కొనసాగించుట వంటిదే ఇది.

ఆ విద్యార్థి అదే గదిలో కూర్చున్నంతవరకు చిక్కు లేదు. వాడు వేరొక ఊరిలో ఉన్నాడనుకొనుడు. అపుడు మాస్టారు ప్రశ్నను కార్డు మీద వ్రాసి పోస్టు చేయవలెను. కార్డు దారిలో పోవచ్చును. చేరినను వ్రాత అర్థము కాకపోవచ్చును. జవాబు ఎంతకును రాకపోయినచో ప్రశ్న చేరలేదో, జవాబే తప్పిపోయినదో, లేక ఆ పిల్లవాడు జ్వరముతో పడుకొన్నాడో ఇక్కడినుండి తెలియు మార్గము లేదు. ఒక కంప్యూటరులోని ప్రోగ్రాము వేరొక కంప్యూటరులోని ప్రొసీజరును తీగల మీదుగా పిలుచుట సరిగా ఇట్టిదే. దీనికి రిమోట్ ప్రొసీజర్ కాల్ అని పేరు. తెలుగులో దూరపు పిలుపు అనవచ్చును.

ఈ ఆలోచనను స్పష్టముగా కాగితము మీద పెట్టినవారిలో జేమ్స్ వైట్ మొదట చెప్పుకోదగినవాడు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో పనిచేయుచుండిన ఈయన, ఆర్పానెట్ అను తొలినాటి నెట్‌వర్కును దృష్టిలో ఉంచుకొని, 1976 జనవరిలో ఒక పత్రమును వెలువరించెను. అంతవరకు ఫైళ్లు పంపుటకు ఒక రకపు ఆజ్ఞలు, మరియొక సేవకు మరియొక రకపు ఆజ్ఞలు ఉండెడివి. ప్రతి సేవకును క్రొత్త భాషను కల్పించుటకంటె, అన్నిటికిని ప్రొసీజరును పిలుచుట అను ఒక్క పద్ధతినే వాడరాదా అని వైట్ ప్రశ్న. 1981లో జిరాక్స్ కంపెనీ కొరియర్ అను పేరుతో ఇట్టి పద్ధతి నొకదానిని ప్రకటించినది. అదే కంపెనీకి పాలో ఆల్టోలో ఉండిన పరిశోధనశాలలో ఆండ్రూ బిరెల్, బ్రూస్ నెల్సన్ అను ఇరువురు దూరపు పిలుపును పూర్తిగా నిర్మించి, 1984లో దాని వివరములను ప్రచురించిరి. ఈనాటికిని ఈ విషయమును నేర్చుకొనువారు ముందుగా చదువునది వారి పత్రమే.

బిరెల్, నెల్సన్‌ల నిర్మాణములో ముఖ్యమైనది స్టబ్ అను చిన్న ప్రోగ్రాము. దీనిని కచేరీలోని బంట్రోతుతో పోల్చవచ్చును. పిలిచెడి ప్రోగ్రాము తన గదిలోని ప్రొసీజరునే పిలుచుచున్నాననుకొనును. నిజమునకు పిలుపును అందుకొన్నది బంట్రోతు. వాడు సంఖ్యలను కవరులో పెట్టి తీగమీద పంపును. అవతలి ఒడ్డున మరియొక బంట్రోతు కవరు విప్పి, అసలు ప్రొసీజరును పిలిచి, జవాబును తిరుగు కవరులో పంపును. ఇరువైపుల ప్రోగ్రాములకును నడుమ దూరమున్నదను ఊసే తెలియదు. ఈ బంట్రోతులను మనుష్యులు వ్రాయనక్కరలేదు. ప్రొసీజరు పేరును, అది పుచ్చుకొను వస్తువుల జాబితాను ఇచ్చినచో ఒక యంత్రసాధనమే వ్రాసిపెట్టును.

అయితే జిరాక్స్ పరిశోధనశాలలో ఉన్నవి ఒక కుదురునకు చెందిన యంత్రములు. వాటికి ప్రోగ్రాములు వ్రాసినదియు ఒకే భాషలో. ఒక ఇంటివారు తమలో తాము మాటలాడుకొనుటకు వ్యాకరణ గ్రంథము అక్కరలేదు గదా! బయటి లోకము అట్లు లేదు. సన్ కంపెనీ యంత్రము ఒక రకము, డిజిటల్ కంపెనీవారి వాక్స్ ఇంకొక రకము, ఐ.బి.ఎం.వారిది వేరొక రకము. 1980 తరువాత కార్యాలయములలోను, విశ్వవిద్యాలయములలోను ఇవి అన్నియు ఒకే తీగకు తగిలింపబడినవి. అసలు చిక్కులు అపుడు బయటపడినవి.

మొదటి చిక్కు సంఖ్యలను వ్రాయు క్రమములో ఉన్నది. ఇది తెలుగు పాఠకులకు క్రొత్త కాదు. "ఇరువది నాలుగు" అనునపుడు పదులు ముందు వచ్చును. అదే సంఖ్యను సంస్కృతములో "చతుర్వింశతి" అనునపుడు ఒకట్లు ముందు వచ్చును. పాత శాసనములలో శకవర్షమును అంకెలతోగాక మాటలతో చెప్పుట కలదు: నేత్రములు రెండు గనుక "నేత్ర" అన్నచో 2, వేదములు నాలుగు గనుక "వేద" అన్నచో 4. "నేత్ర వేద" అని ఉన్నచో ఆ సంఖ్య 24 కాదు, 42. ఏలయనగా మొదటి మాట ఒకట్ల స్థానమునకు చెందును. ఈ నియమమెరుగని వాడు శాసనమును ఒక్క అక్షరము తప్పకుండ చదివి కూడ కాలమును తప్పుగా లెక్కకట్టును.

కంప్యూటర్లలో జరిగినదియు ఇదే. సాధారణముగా ఒక పూర్ణసంఖ్యకు నాలుగు బైట్ల చోటు ఇత్తురు. మోటరోలా 68000 అను ప్రాసెసరు, సన్ కంపెనీ తొలి యంత్రములలో ఉండినది, పెద్ద స్థానపు బైటును ముందుంచును. వాక్స్ యంత్రమును, ఇంటెల్ ప్రాసెసర్లును చిన్న స్థానపు బైటును ముందుంచును. 1 అను సంఖ్య సన్ యంత్రములో 0, 0, 0, 1 అను నాలుగు బైట్లు. వీటిని ఉన్నవి ఉన్నట్లు వాక్స్‌నకు పంపినచో అది చివరి బైటును పెద్ద స్థానముగా చదువుకొనును. అపుడు 1 కాస్త 1,67,77,216 అగును. దారిలో ఒక్క బిట్టు చెడలేదు, తీగలో లోపము లేదు, ఇరువైపుల ప్రోగ్రాములలో తప్పు లేదు. అయినను జవాబు తప్పు. డానీ కోహెన్ అను శాస్త్రజ్ఞుడు 1980లో ఈ తగవు మీద ఒక వ్యాసము వ్రాసి, స్విఫ్ట్ రచించిన గలివర్ యాత్రలలో గ్రుడ్డును పెద్ద కొననుండి పగులగొట్టవలెనా, చిన్న కొననుండియా అని యుద్ధము చేసిన లిల్లీపుట్ ప్రజలను గుర్తుచేసెను. బిగ్ ఎండియన్, లిటిల్ ఎండియన్ అను పేర్లు కంప్యూటరు శాస్త్రములో స్థిరపడినది అప్పటినుండియే. రెంటిలో ఏది మేలని వాదించుటకంటె ఏదో ఒకదానికి అందరును ఒప్పుకొనుట ముఖ్యమని కోహెన్ అభిప్రాయము.

ఒప్పుకొనుట ఎట్లు? ఇక్కడ రెండు దారులు చీలినవి.

సన్ కంపెనీవారిది మొదటి దారి. యంత్రము లోపల ఎవరి పద్ధతి వారిదే. తీగ మీదికి వచ్చునపుడు మాత్రము అందరిదియు ఒకే పద్ధతి. దీనికి ఎక్స్.డి.ఆర్. అని పేరు. దీని నియమములు కొన్నియే. పెద్ద స్థానపు బైటు ముందు. ప్రతి వస్తువు నాలుగు బైట్లుగాగాని, నాలుగింటి గుణిజముగాగాని ఉండవలెను. అవును, కాదు అను ఒక్క బిట్టు సమాచారమునకు కూడ నాలుగు బైట్లే. అక్షరమాల పంపవలసినచో ముందు అక్షరముల సంఖ్యను, పిమ్మట అక్షరములను, చివర నాలుగింటికి తక్కువైనంతమేర సున్నలను చేర్చవలెను. గుంటూరు అను పేరును ఇంగ్లీషు లిపిలో వ్రాసినచో ఆరు అక్షరములు. కాబట్టి 6 అను సంఖ్యకు నాలుగు బైట్లు, పేరునకు ఆరు, నింపుటకు రెండు సున్నలు, మొత్తము పన్నెండు. దశాంశ సంఖ్యలకు 1985లో ప్రమాణముగా వెలువడిన ఐ.ఇ.ఇ.ఇ. రూపమే వాడవలెను. వాక్స్ యంత్రములో ఈ సంఖ్యల రూపము వేరు. అందువలన వాక్స్ తరఫు బంట్రోతునకు పని ఎక్కువ.

రెండవ దారి అపోలో అను కంపెనీవారిది. 1987లో వారు ప్రకటించిన పద్ధతిలో పంపువాడు తన యంత్రమునకు సహజమైన రూపముననే పంపును. కవరుమీద మాత్రము తనది ఏ రూపమో చిన్న చీటీ అంటించును. పూర్ణసంఖ్యలలో ఏ కొన ముందు, అక్షరములకు ఏ సంకేతము, దశాంశ సంఖ్యలు ఐ.ఇ.ఇ.ఇ. రూపమా, వాక్స్ రూపమా, క్రే రూపమా, ఐ.బి.ఎం. రూపమా అని ఆ చీటీలో ఉండును. దానిని చూచి సరిచేసికొను భారము అందుకొనువానిది. ఒకే రకపు యంత్రములు రెండు మాటలాడుకొనునపుడు మార్పు చేయవలసిన పనియే లేదు. సన్ పద్ధతిలో అట్లు కాదు: చిన్న కొన ముందుంచు రెండు యంత్రములు కూడ, ఒకటి బైట్లను తిరగవేసి పంపగా రెండవది తిరిగి తిరగవేసికొనవలెను. ఇద్దరు తెలుగువారు ఇంగ్లీషులో ఉత్తరములు వ్రాసికొనుట వంటిదే ఇది.

చూచుటకు అపోలో పద్ధతియే తెలివైనదని తోచును. అయితే పొత్తు దృష్టితో చూచినచో సన్ పద్ధతి బలము తెలియును. అపోలో పద్ధతిలో ప్రతి యంత్రమును మిగిలిన అన్ని రూపములను చదువగలిగి ఉండవలెను. అందులో క్రే రూపమును చదువు భాగము చాల ప్రయోగశాలలలో ఒక్కసారియైనను పరీక్షింపబడదు. పరీక్షింపబడని భాగములో తప్పులు దాగియుండును. సన్ పద్ధతిలో పంపుటకు ఒకటి, చదువుటకు ఒకటి; అవి ప్రతి పిలుపులోను నలుగుచునే ఉండును గనుక వాటిలో తప్పు ఎక్కువ కాలము దాగలేదు. బైట్లను తిరగవేయు ఖర్చు సంగతి చెప్పవలెనన్న, 1989లో వచ్చిన ఇంటెల్ 486 ప్రాసెసరులో అది ఒక్క ఆజ్ఞతో పూర్తియగు పని.

కవరు లోపలి రూపము కుదిరిన తరువాత కవరు పైన వ్రాయవలసిన చిరునామా ప్రశ్న వచ్చును. సన్ పద్ధతిలో ప్రతి పిలుపు కొన్ని సంఖ్యలతో మొదలగును. మొదటిది ఈ పిలుపునకు గుర్తుసంఖ్య. జవాబు మీద ఇదే సంఖ్య ఉండును. రెండవది ఇది పిలుపా, జవాబా అని చెప్పును. పిలుపైనచో 0, జవాబైనచో 1. తరువాత దూరపు పిలుపు నియమావళి ఎన్నవ కూర్పో తెలిపెడి సంఖ్య, అది 2. పిమ్మట కావలసిన ప్రోగ్రాము సంఖ్య, ఆ ప్రోగ్రాము ఎన్నవ కూర్పు, అందులో ఎన్నవ ప్రొసీజరు. నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ అను సుప్రసిద్ధమైన సేవకు 100003 అను సంఖ్య కేటాయింపబడినది. ఈ సేవ ఒక యంత్రములోని ఫైళ్లను వేరొక యంత్రములో సొంత ఫైళ్లవలె చూపును. 1985లో బయటికి వచ్చిన ఈ సేవవలననే దూరపు పిలుపు లోకమంతట వ్యాపించినది. ఏ సేవ ఏ ద్వారమువద్ద ఉన్నదో చెప్పుటకు ప్రతి యంత్రములోను పోర్ట్‌మ్యాపర్ అను ఒక విచారణ కిటికీ ఉండును. దాని ద్వారము మాత్రము ఎల్లపుడును 111.

ఇందులో కూర్పు సంఖ్యకు వేరుగా చోటిచ్చుట ముందుచూపుగల పని. సేవ మారుచుండును, ఇరువది యంత్రములను ఒకే రాత్రి మార్చుట ఎవరికిని సాధ్యము కాదు. కాబట్టి పాత కూర్పు తెలిసిన యంత్రము, క్రొత్త కూర్పు తెలిసిన యంత్రము కొంతకాలము ప్రక్కప్రక్కన బ్రతుకవలెను. పిలిచినవాడు మూడవ కూర్పు అడిగి, అవతలివానికి రెండే తెలిసినచో, అవతలివాడు మౌనముగా ఊరకుండకూడదు. తనకు తెలిసిన కూర్పులలో అన్నిటికంటె చిన్నది ఇది, పెద్దది ఇది అని తిరుగు జవాబులో చెప్పవలెను. పిలిచినవాడు అపుడు ఒక మెట్టు దిగి మరల అడుగును. ప్రతి ప్రోగ్రాములోను సున్న సంఖ్యగల ప్రొసీజరు ఏ పనియు చేయకుండ "ఉన్నాను" అని మాత్రమే పలుకుట ఆచారము. సేవ బ్రతికియున్నదో లేదో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి ఉపాయము లేదు.

ప్రోగ్రాము సంఖ్యలను సన్ కంపెనీయే పంచిపెట్టెడిది. అపోలోవారు ఎవరిని అడుగవలసిన అవసరము లేకుండ మరియొక ఉపాయము చేసిరి: యంత్రము యొక్క ప్రత్యేక సంఖ్యను, ఆ క్షణపు కాలమును కలిపి ఒక పొడవైన సంఖ్యను తయారుచేసినచో అట్టిది మరియొకటి పుట్టదు. దీనినుండి పుట్టిన 128 బిట్ల గుర్తులు ఇపుడు కూడ వాడుకలో ఉన్నవి. వాటిలో కాలమును కొలుచుట 1582 అక్టోబరు 15నుండి మొదలగును. అది గ్రెగరీ క్యాలెండరు ఆరంభమైన దినము.

ఇంతవరకు చెప్పినవి రూపమునకు సంబంధించిన చిక్కులు. అన్నిటికంటె కష్టమైనది అర్థమునకు సంబంధించినది. బైట్లు ఒక్కటి తప్పకుండ సరిపోయినను పొత్తు కుదరకపోవచ్చును.

జవాబు రాలేదు. ఏమి చేయవలెను? మరల పిలువవలెను. కాని మొదటి పిలుపు చేరియుండి, పని జరిగియుండి, జవాబు మాత్రమే దారిలో పోయియున్నచో? పని రెండుమారులు జరుగును. "ఈ ఫైలులో 4096వ బైటునుండి 512 బైట్లు చదివి ఇమ్ము" అని పదిమారులు అడిగినను నష్టము లేదు. "తరువాతి 512 బైట్లు ఇమ్ము" అని అడిగినచో రెండవ పిలుపునకు వేరే జవాబు వచ్చును. సన్ కంపెనీవారు తమ ఫైలు సేవలో రెండవ విధమైన ప్రశ్నలను తీసివేసి, వీలైనంతవరకు మొదటి విధమైన ప్రశ్నలనే ఉంచిరి. అందువలన సేవచేయు యంత్రము ఎవరు ఎంతవరకు చదివిరో గుర్తుంచుకొననక్కరలేదు; అది ఆగిపోయి మరల లేచినను పిలిచినవారికి కొంత ఆలస్యము తప్ప మరేమియు తెలియదు.

అయినను అన్ని పనులు ఇట్లు మలచుటకు వీలుపడదు. ఒక ఫైలును చెరిపివేయుమని పిలుపు వెళ్లినది. ఫైలు చెరిగినది, జవాబు పోయినది. పిలుపు మరల వెళ్లినది. ఈసారి "అట్టి ఫైలే లేదు" అని జవాబు వచ్చినది. అడిగిన పని నిజముగా జరిగినది. అడిగినవానికి అందినది మాత్రము పని జరుగలేదను వార్త. ఈ ఇబ్బందిని తప్పించుటకు డిజిటల్ కంపెనీకి చెందిన చెట్ జుస్జాక్ 1989లో ఒక మార్గమును వివరించెను. సేవచేయు యంత్రము ఇటీవల వచ్చిన పిలుపుల గుర్తుసంఖ్యలను, వాటికిచ్చిన జవాబులను కొంతసేపు దాచియుంచవలెను. అదే గుర్తుసంఖ్య మరల వచ్చినచో పని చేయక, దాచిన జవాబునే తిరిగి పంపవలెను. మార్గము మంచిదే. కాని ఇది ఫలించుటకు పిలిచినవాడు రెండవసారి పిలుచునపుడు పాత గుర్తుసంఖ్యనే వాడవలెను. క్రొత్త సంఖ్య వేసినచో అది క్రొత్త పిలుపుగానే లెక్క. నియమావళి కూడ ఈ విషయములో కచ్చితమైన హద్దు గీచినది: ఆ సంఖ్య సమానమా కాదా అని మాత్రమే చూడవలెను, దానినిబట్టి ఏది ముందు, ఏది వెనుక అని ఊహింపరాదు.

బిరెల్, నెల్సన్‌ల పద్ధతిలో జవాబు వచ్చినచో పని సరిగా ఒక్కసారి జరిగినట్లు. యు.డి.పి. అను రవాణా మీద నడచు సన్ పద్ధతిలో జవాబు వచ్చినచో పని కనీసము ఒక్కసారి జరిగినట్లు. అపోలో పద్ధతిలో పని ఒక్కసారికి మించి జరుగదు. మరల చేసినను నష్టము లేని ప్రొసీజరు అని వ్రాసినవారే గుర్తుపెట్టినచో ఆ కట్టుబాటు సడలును. పైకి మూడును "పిలుపు"లే. ఒకదానికి వ్రాసిన ప్రోగ్రామును వేరొకదాని మీదికి మార్చినవాడు ఈ భేదమును గమనింపకున్నచో, నెట్‌వర్కు బాగున్నన్నాళ్లు అన్నియు చక్కగా నడచును. ఫీజుల పద్దులో ఒక రసీదు రెండుమారులు చేరుట నెట్‌వర్కు తడబడిన దినముననే జరుగును.

నెట్‌వర్కు తడబాటు ప్రస్తావన వచ్చినది గనుక మరియొక సంగతి. యు.డి.పి. పొట్లములతో పాటు పంపెడి సరిచూపు సంఖ్యను, అనగా దారిలో బైట్లు చెడినవా అని పరీక్షించు మొత్తమును, 1980 దశకములో కొన్ని కంపెనీలు ఫైలు సేవ వేగముగా నడచుటకై ఆపివేసినవి. ఒకే తీగ మీద ఉన్నంతవరకు ఈథర్‌నెట్ తన పరీక్షను తాను చేసికొనును గనుక పెద్దగా ప్రమాదము కనిపించదు. కాని నడుమ రూటరు వచ్చి, దాని జ్ఞాపకశక్తిలో ఒక బిట్టు చెడినచో, చెడిన బైట్లు మంచి బైట్లవలె ఫైలులోనికి పోయి కూర్చుండును. వేగముకొరకు ఇట్టి రక్షణను వదలుకొనుట సరియైన బేరము కాదు. ఇంటర్నెట్ యంత్రముల నియమములను కూర్చిన 1989 అక్టోబరు పత్రము, వేరుగా కోరనంతవరకు ఈ పరీక్ష అమలులోనే ఉండవలెనని శాసించినది.

ఇక మనుష్యుల గుర్తింపు. తొలి పద్ధతిలో పిలుపుతో పాటు వాడుకరి సంఖ్యను, వాని గుంపుల సంఖ్యలను పంపెడివారు. ఒక ఉన్నత పాఠశాలలో రెండు యంత్రములున్నవనుకొనుడు. ఒకదానిలో 105 అను సంఖ్య హెడ్మాస్టరుది; రెండవదానిలో అదే 105 పదవ తరగతి విద్యార్థిది. మార్కుల ఫైలు మొదటిదానిలో ఉన్నది. రెండవ యంత్రమునుండి 105 పిలిచినచో మొదటి యంత్రము హెడ్మాస్టరే వచ్చినాడనుకొని తలుపు తీయును! నియమావళిలో ఏ అక్షరమును ఎవ్వరును అతిక్రమింపలేదు. అందువలన ఇట్టి నెట్‌వర్కులలో అన్ని యంత్రములకును ఒకే వాడుకరి జాబితా ఉంచుట తప్పనిసరియైనది. తరువాతి కాలములో రహస్య సంకేతములతో కూడిన గట్టి గుర్తింపు పద్ధతులు చేర్పబడినవి.

సన్ కంపెనీ తన నియమములను బహిరంగముగా ప్రచురించినది. ఎక్స్.డి.ఆర్. 1987 జూనులో ఆర్.ఎఫ్.సి. 1014 అను పత్రముగాను, దూరపు పిలుపు 1988 జూనులో 1057వ పత్రముగాను, ఫైలు సేవ 1989 మార్చిలో 1094వ పత్రముగాను వెలువడినవి. తేదీలను గమనించినచో ఒక విషయము కనబడును: సేవ బయటికి వచ్చిన చాల కాలమునకు గాని పుస్తకము రాలేదు. ఆ నడిమి కాలములో క్రొత్తగా నిర్మించువారికి ప్రమాణము పుస్తకము కాదు, నడచుచున్న సన్ యంత్రమే. పుస్తకము వచ్చిన పిదప కూడ చదువరులు వేర్వేరుగా అర్థము చేసికొనిన చోట్లు ఉండనే ఉన్నవి. ఫైలులో స్థానమును తెలుపు సంఖ్య 32 బిట్లది, ఋణ చిహ్నము లేనిది అని ఉన్నది. అనగా 4 గిగాబైట్లవరకు పోవచ్చును. కాని చాల యంత్రములు దానిని ఋణ చిహ్నముగల సంఖ్యగా తీసికొని 2 గిగాబైట్లవద్దనే ఆగినవి. 1995లో వచ్చిన మూడవ కూర్పులో ఈ సంఖ్యను 64 బిట్లకు పెంచిరి.

ఇట్టి తేడాలు కాగితము మీద తేలవు. అందుకని సన్ కంపెనీ 1986లో కనెక్టథాన్ అను కూటమిని ఏర్పాటు చేసి, దానిని ఏటేట జరిపించినది. ఒకదానితో ఒకటి పోటీపడు కంపెనీల ఇంజనీర్లు తమ తమ యంత్రములను మోసికొని వచ్చి, ఒకే తీగకు తగిలించి, ప్రతి యంత్రమును ప్రతి యంత్రముతో పరీక్షించెడివారు. తప్పు దొరికినచో అక్కడనే కూర్చుండి దిద్దుకొనెడివారు. పది యంత్రములున్నచో పరీక్షింపవలసిన జంటలు నలుబదియైదు. ఒక్కొక్క జంటలో సేవచేయువాడు ఎవడు, పిలుచువాడు ఎవడు అనునది తారుమారు చేసి చూచినచో తొంబది. ఇది మిక్కిలి ఓపికతో కూడిన పని. దూరపు పిలుపుల చరిత్ర చెప్పువారు దీనిని ఒక వాక్యముతో ముగింతురు గాని, పొత్తు నిజముగా కుదిరినది ఇట్టి గదులలోనే.

పొత్తు కుదురుటకు మరియొక కారణము, సన్ కంపెనీ తన దూరపు పిలుపు ప్రోగ్రామును మూలరూపములోనే అందరికిని అందుబాటులో ఉంచుట. చాలమంది క్రొత్తగా వ్రాయక దానినే తీసికొని తమ యంత్రములకు అమర్చుకొనిరి. ఒకే మూలమునుండి వచ్చినవి ఒకదానికొకటి సరిపోవుటలో వింత లేదు. అయితే నకలు వ్రాసినపుడు మాతృకలోని తప్పు కూడ నకలులోనికి వచ్చును గదా! 2002 ఆగస్టులో అట్టి తప్పు ఒకటి బయటపడినది. వస్తువుల వరుసను అందుకొనునపుడు ఆ ప్రోగ్రాము వస్తువుల సంఖ్యను ఒక్కొక్కదాని పరిమాణముతో హెచ్చించి అంత చోటు కేటాయించును. ఎవరైన దుర్బుద్ధితో 1,07,37,41,825 వస్తువులు, ఒక్కొక్కటి 4 బైట్లు అని పంపిరనుకొనుడు. లబ్ధము 4,29,49,67,300. ఇది 32 బిట్లలో పట్టదు. పైకి పొర్లినది పోగా మిగులునది 4 మాత్రమే. నాలుగు బైట్ల చోటు కేటాయించుకొని, దానిలో కోట్ల బైట్లను కుమ్మరించుటకు యంత్రము సిద్ధపడును. ఈ విధముగా పరుల యంత్రమును వశము చేసికొను వీలు కలుగును. గ్నూ సి లైబ్రరీతో సహా అనేక కంపెనీల, సంస్థల ప్రోగ్రాములలో ఒకేసారి ఇదే తప్పు కనబడినది. అన్నిటిని వేర్వేరుగా దిద్దవలసి వచ్చినది.

సన్, అపోలో పద్ధతులు మాత్రము ఒకదానితో ఒకటి ఎన్నడును మాటలాడలేదు. 1988లో ఏర్పడిన ఓపెన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 1990లో తన డి.సి.ఇ. అను నిర్మాణమునకు అపోలో వంశపు పద్ధతిని ఎన్నుకొనినది. అప్పటికి అపోలో కంపెనీని హ్యూలెట్ పాకార్డ్ కొనివేసినది. 1993లో వచ్చిన విండోస్ ఎన్.టి.లో మైక్రోసాఫ్ట్ కంపెనీ డి.సి.ఇ. పద్ధతికి సరిపోవు దూరపు పిలుపునే చేర్చినది. తీగ మీద రూపము డి.సి.ఇ.దే అయినను, ప్రోగ్రాము వ్రాయువారు వాడెడి పేర్లు మాత్రము వేరు. ఆ విధముగా ఓడిపోయినదనుకొనిన అపోలో పద్ధతి కోట్లకొలది కార్యాలయపు యంత్రములలోనికి ప్రవేశించినది. సన్ పద్ధతి యునిక్స్, లినక్స్ యంత్రములలో నిలిచినది. రెండును అవసరమైనచోట ఒకే యంత్రములో ఇద్దరు బంట్రోతులను వేర్వేరుగా ఉంచుట తప్ప దారి లేదు.

సన్ కంపెనీని 2010లో ఒరాకిల్ కంపెనీ కొనినది. దూరపు పిలుపు నియమములు 2009 మేలో ఆర్.ఎఫ్.సి. 5531 అను పేర మరల ప్రచురింపబడినవి. ఆ పత్రములోను నియమావళి కూర్పు సంఖ్య 2 గానే ఉన్నది, పెద్ద కొన బైటు ముందే ఉన్నది. ఈనాడు ఎక్కువగా వాడుకలో ఉన్న ఇంటెల్, ఆర్మ్ యంత్రములు చిన్న కొన పక్షమువైనను, ఎన్.ఎఫ్.ఎస్. ఫైళ్లను అందించునపుడు అవి తీగ మీద 1ని 0, 0, 0, 1 అనియే వ్రాయుచున్నవి. కంప్యూటరు ప్రయోగశాలగల పాఠశాలలోని ఉపాధ్యాయులు, లినక్స్ యంత్రమున్నచో, ఆర్.పి.సి.ఇన్ఫో అను ఆజ్ఞతో వేరొక యంత్రములోని సున్న సంఖ్య ప్రొసీజరును పిలిచి, అది పలుకుటను విద్యార్థులకు చూపవచ్చును. దానితో పాటు పొట్లములను పట్టి చూపెడి వైర్‌షార్క్ వంటి సాధనమును తెరచి ఉంచినచో, గుర్తుసంఖ్య, పిలుపును తెలుపు 0, కూర్పు 2, 100003 అను సేవాసంఖ్య, అన్నియు పైన చెప్పిన వరుసలోనే నాలుగేసి బైట్లుగా కంటబడును.